పోతమ్మ కారుకి మూడేళ్ళ గ్యారంటీ

జాలరిపేట, విశాఖపట్నం
10 ఆగస్టు 1984

అన్నియ్యకి,

నీ సెల్లి పోతమ్మ దండాలు. ఈ ఉత్తరం ఎవల సేతా రాయించింది కాదు. సాయంత్రం బడిలో నేర్సుకున్న అచ్చరాలతో నానే రాస్తన్నాను. తప్పులుంటే నువ్వొక్కడివే నవ్వుకో. పోర్ట్ బ్లెయిరులో మీ వర్కుషాపు వోలందరికీ సూపించి నవ్వకు.

మేం బాగున్నాం. మీ బావకి మాత్రం పని పోనాది. ఉక్కు ఫేక్టరీ కాంట్రాక్టరు జీపు అమ్మీసి డ్రైవరుకి సెలవిచ్చీసినాడు. ఇప్పుడు ఇంట్లో కూకుని, కూరలో ఉప్పెక్కువైనాదా తక్కువైనాదా అని నన్ను తింటన్నాడు.

మరేటంటే, నానూ, నాతోటి సేపలమ్మే దేముడమ్మా జోగమ్మా వరహాలమ్మా నలుగురం కలిసి కారు కొందారనుకుంటన్నాం. నవ్వీసినావా? నవ్వీసినాక మిగతాది సదువు.

పెందుర్తిలో కొత్త కాలనీలు లేసినాయి. ఉద్యోగస్తులు. ఆలకి పొద్దున్న తొమ్మిది లోపు సేప గుమ్మంలో ఉండాల, నేకపోతే ఆపీసులకి ఎల్లిపోతారు. బస్సులో గంప ఎక్కిస్తే జనం ముక్కులు మూసుకుంటారు, దింపీమని గోల సేస్తారు. రెండు బస్సులు ఒదిలి మూడోది ఎక్కేసరికి వంజరం మెత్తబడిపోతాది. పన్నెండేళ్ళుగా నా సేతి సేప తిన్న ఇల్లు మొన్న ఇంకొకలకి మారిపోనాది. నాకు రెండు రోజులు అన్నం సయించనేదు. కారైతే గంపలు ఎనకాల, మేం ముందర, మీ బావ స్టీరింగు కాడ.

రెండు కార్లు సూసినాం. ఒకటి ద్వారకా నగర్‌లో, పాత కార్లమ్మే దుకాణంలో ఉన్నాది. నాలుగేళ్ళ కారు, అద్దంలా మెరిసిపోతన్నాది. ఆరు నెలలు గ్యారంటీ. రెండోది పాత పోస్టాఫీసు కాడ, లతీఫ్ సాయిబు మెకానిక్ షెడ్డులో ఉన్నాది. పదహారేళ్ళ అంబాసిడరు, సూస్తే మన ముత్తవ్వలాగ ఉన్నాది. మూడేళ్ళు గ్యారంటీ ఇస్తానంటన్నాడు.

మా నలుగురి సీటీ డబ్బులూ ఇందులోనే పోస్తన్నాం. తక్కువైతే నువ్వు కొంచెం సర్దుతానన్నావు. కారు ఆగిపోతే నాలుగిళ్ళు ఆగిపోతాయి. నువ్వు ఇంజన్లు తెలిసినోడివి. ఏది కొనమంటావో సెప్పు.

నీ సెల్లి
పోతమ్మ

*

పోర్ట్ బ్లెయిరు
6 సెప్టెంబరు 1984

చెల్లికి,

ఎల్లారావు దీవెనలు. నీ ఉత్తరం ఎవ్వరికీ చూపించలేదు. అబద్ధం, ఒక్కడికి చూపించినాను. మా చెల్లి రాసింది అని చెప్పుకోడానికి.

ఇప్పుడు విను. నాను పదకొండేళ్ళుగా బోటు ఇంజన్లు విప్పి బిగిస్తన్నాను. కొత్త ఇంజనుకి కంపెనీవోడు ఏడాది ఇవ్వడానికి ఏడుస్తాడు. పదహారేళ్ళ బండికి మూడేళ్ళు ఇస్తానన్నోడు అయితే పిచ్చోడు, లేకపోతే నీ డబ్బు చేతిలో పడగానే షెడ్డుకి తాళమేసి పోయేవోడు. గ్యారంటీ ఎన్నేళ్ళని అడగడం కాదు, ఆ మనిషి అన్నేళ్ళు అక్కడుంటాడా అని చూడు. షెడ్డు సొంతమా, అద్దెదా? ఇల్లెక్కడ? ఊళ్ళో అప్పులున్నాయా? ఇవి కనుక్కోకుండా కాగితం మీద వేలు పెట్టకు. సంతకం అనాలి కదా ఇప్పుడు. సంతకం పెట్టకు.

బావని ఇంజను చెవి పెట్టి వినమను. జీపు తోలినోడికి ఆ మాత్రం తెలుస్తాది.

డబ్బులు ఓడలో వచ్చే మన పేట మనిషి త్రినాథరావు చేతికిచ్చి పంపుతన్నాను.

ఎల్లారావు

*

జాలరిపేట
2 నవంబరు 1984

అన్నియ్యకి,

కొనీసినాం. ముత్తవ్వనే కొనీసినాం.

నువ్వు సెప్పినట్టే అన్నీ కనుక్కున్నాను. షెడ్డు లతీఫ్ సాయిబు తండ్రి నాటిది. ఇల్లు షెడ్డు ఎనకాలే. ఆయన బారియ గౌసియా ఏసిన మునగసెట్టు కాయలు కాస్తన్నాది. నాను ఎల్లిన రోజు గోడకి సున్నం ఏయిస్తన్నారు. పారిపోయేవోడు సున్నం ఏయించుకుంటాడేటి?

అయినా ఒక మాటు ద్వారకా నగర్ కూడా ఎల్లి అడిగినాం. ఆరు నెలలు దాటినాక ఏటైనా పాడైతే ఏటి బాబూ అని. ఆ కుర్సీలో కూకున్నాయన నవ్వి, తరవాత మీ అదృష్టం అన్నాడు. దేముడమ్మ సటుక్కున లేసిపోనాది. నా అదృష్టం సంగతి నాకు తెలుసు, దానికి ఇంత డబ్బు పోసి కారెందుకు అనీసి బయటికొచ్చీసినాది.

లతీఫ్ సాయిబుని అడిగినాం. పాత కారుకి మూడేళ్ళెలాగ ఇస్తన్నావు అని. ఆయన అన్నాడు, "ఇది తుక్కు అయిపోయి వచ్చింది నా దగ్గరికి. ఎనిమిది నెలలు కూర్చుని బోల్టు బోల్టు నా చేత్తో బిగించినాను. మూడేళ్ళలో పాడైతే అది నా చేతి తప్పు. మీరెందుకు కట్టాలమ్మా?" ఆ మాటకి నలుగురం ఒకల మొకాలు ఒకలం సూసుకున్నాం. మెరిసే కారు మీద మోజు అప్పుడే పోనాది. ఆరు నెలలంటే పండగలు రెండొచ్చి ఎల్లిపోతాయి. మూడేళ్ళంటే మా వాడిక ఇళ్ళన్నీ తిరిగొచ్చీస్తాయి, సీటీ మళ్ళీ కట్టుకోవచ్చు, గుండె మీద సెయ్యేసుకుని తొంగోవచ్చు.

ఒక్క సంగతి నీకే సెప్తన్నాను. కాగితం మీద ఆయనిలా రాసినాడు: ఇంజను, గేరుబాక్సు, బాడీ మూడేళ్ళు. నెలలో మొదటి ఆదివారం షెడ్డుకి తెచ్చి చూపించాలి. ఇంటి అవసరాలకే వాడాలి, సరుకు వేయరాదు. ఎందుకమ్మా మీకు కారు అని అడిగితే, నా నోట్లోంచి గుడికి ఎల్లడానికి బాబూ అని ఒచ్చీసినాది. నాను సేపల మనిసినని సెప్పనేదు. ఆయన అడగనేదు. ఆ రోజు నలుగురం పట్టుసీరలు కట్టుకుని ఎల్లినాం మరి.

పోతమ్మ

*

పోర్ట్ బ్లెయిరు
20 డిసెంబరు 1984

చెల్లికి,

ఉత్తరం చదివి ఒక్కడినే పడి పడి నవ్వినాను. సింహాచలం అప్పన్న మీ నలుగురి కోసం కొండ దిగొచ్చేస్తాడు ఇంక.

అయినా మంచి పనే చేసినావు. "మీ అదృష్టం" అన్నోడి దగ్గర కొననందుకు దేముడమ్మకి నా తరపున చెప్పు, ఆమె మెకానిక్ అవ్వాల్సిన మనిషి.

గంపల కింద గోనెసంచులు వెయ్యండి. చేప నీరు రేకుకి మహా చెడ్డది. షెడ్డుకి వెళ్ళే ముందు కారు కడిగి లోపల సాంబ్రాణి వెయ్యండి. వాసన పోతాది, భక్తి కూడా కనపడతాది.

ఎల్లారావు

*

జాలరిపేట
18 ఆగస్టు 1985

అన్నియ్యకి,

ఇన్నాళ్ళు రాయనేదని కోప్పడకు. తీరుబడి నేదు. పొద్దున్న ఎనిమిదిన్నరకి పెందుర్తిలో ఉంటన్నాం. పోయిన ఇళ్ళు ఒచ్చినాయి, కొత్తవి పద్నాలుగు ఒచ్చినాయి. మీ బావ హారను మూడు మాట్లు కొడితే ఆడోలు గిన్నెలట్టుకుని ఈదిలోకి ఒచ్చీస్తారు. ఆఫీసరు గారి బారియ ఒకామె మా కారు సూసి, సేపలకి కూడా కారొచ్చిందా అని నోరు తెరిసీసినాది. మరి మీకు రాలేదేటమ్మా అన్నాది జోగమ్మ. మీ బావ స్టీరింగు మీద పడి నవ్వినాడు.

మొదటి ఆదివారం సంగతి సెప్తాను ఇను. శనివారం మద్దేనమే కారు మూడు నీళ్ళు కడిగి, సాంబ్రాణి ఏసి, లోపల మల్లెపూలు యేలాడదీస్తాం. పట్టుసీరలు కట్టుకుని షెడ్డుకి ఎల్తాం. లతీఫ్ సాయిబు కారు కిందకి దూరి అన్నీ తట్టి సూసుకుంటాడు. గౌసియా మాకు సాయ ఇస్తాది. మార్సి నెల్లో ఆమె అన్నాది, "అక్కా, నెలనెలా గుడికి పోతారు, ఒక్కసారీ ప్రసాదం తేరేం?" ఇంక మేం సచ్చినాం అనుకో. ఆ తరవాత నెలనెలా నిజంగానే సింహాచలం ఎల్లి పులిహోర తెస్తన్నాం. అబద్ధం పుణ్యమాని అప్పన్న దర్శనం అవుతన్నాది. గౌసియాకి ఆ పులిహోరంటే ప్రాణం.

అన్నియ్యా, నవ్వు అయిపోనాది. పోయిన నెలాకరు బుధవారం గోపాలపట్నం దాటినాక దేముడమ్మ కాలు కారులోంచి కిందకి దిగిపోనాది. అడుగు రేకు తినీసినాది. కాలి కింద రోడ్డు పరిగెడతన్నాదని అది కేకలు. సెప్పు ఒకటి ఎక్కడో పడిపోనాది. గోనె ఎత్తి సూస్తే ఎనకాలంతా జల్లెడలాగ ఉన్నాది. కింద నల్ల పూత ఉండబట్టి, నెలనెలా తట్టినా లతీఫ్ సాయిబుకి కనపడనేదు. నువ్వు ముందే సెప్పినావు సేప నీరు సెడ్డదని. గోనెలు ఏసినాం గానీ ఆ తడి గోనెలే రేకుని తినీసినట్టున్నాయి.

ఇప్పుడు పడవ పలక ఒకటి ఏసి నడుపుతన్నాం. బయట కొత్త రేకు ఏయించాలంటే మా వల్ల కాదు. గ్యారంటీ కింద ఆయన సెయ్యాల. సేపలేసినామని తెలిస్తే కాగితం సెల్లదు. కాగితం పోతే కారు పోనాది, కారు పోతే మళ్ళీ బస్సు కాడ నిలబడాల. దేముడమ్మ, వాన నీరని సెప్పీ అంటన్నాది. మీ బావకి జొరమని ఈ నెల షెడ్డుకి ఎల్లకుండా ఊరుకున్నాం. నువ్వేటంటావు? బేగి రాయి.

పోతమ్మ

*

పోర్ట్ బ్లెయిరు
9 సెప్టెంబరు 1985

చెల్లికి,

చేపల మాట ఎత్తకు. ఏమైనా సరే ఎత్తకు. వాన నీరు నిలబడింది, మాకేం తెలీదు అను. ఇంకా రెండేళ్ళకి పైగా గ్యారంటీ ఉంది, దాన్ని నీ నోటితో నువ్వే పోగొట్టుకోకు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తన్నానో తెలుసా? ఇక్కడ నానే ఆ పని చేస్తన్నాను. గ్యారంటీలో ఇంజను తెచ్చినోడిని మా వర్కుషాపు షేటు మొదట అడగమనే మాట ఒక్కటే, ఉప్పునీరు తగిలిందా అని. సముద్రంలో తిరిగే బోటుకి తగలకేం? పాపం ఆడు నిజం చెప్తాడు, తగిలింది బాబూ అని. అంతే, గ్యారంటీ పోయినట్టే. అబద్ధం చెప్పినోడికే ఇంజను బాగవుతాది. అందుకే చెప్తన్నాను, నువ్వు తెలివిగా ఉండు.

ఎల్లారావు

*

జాలరిపేట
14 అక్టోబరు 1985

అన్నియ్యకి,

నీ మాట ఇన్నాను. ఇని ఎల్లినాను. ఆ తరవాత ఇననేదు. కోప్పడకుండా మొత్తం సదువు.

మొదటి ఆదివారం నలుగురం సీరలు కట్టుకుని ఎల్లినాం. ఆ రోజు పులిహోర కూడా ఒక ముద్ద ఎక్కువే తీసుకెల్లినాను. లతీఫ్ సాయిబు పలక తీసి సూసినాడు. కిందకి దూరినాడు. శానాసేపు రానేదు. ఒచ్చినాక గుడ్డతో సేతులు తుడుసుకున్నాడు, ఆ గుడ్డ సేతిలోనే ఉండిపోనాది.

నాను వాన నీరు బాబూ అన్నాను. ఆయన ఇననట్టున్నాడు. "ఏడాది కాలేదు. ఏడాది కాకుండా నా రేకు పోయింది" అన్నాడు. మా వైపు సూడకుండా అన్నాడు. "రంగు వేసే ముందు తుప్పు సరిగ్గా గీకలేదేమో. లేకపోతే అతుకు దగ్గర తడి వదిలేసినానేమో. వారం రోజుల్లో కొత్త రేకు వేసిస్తానమ్మా. పైసా వద్దు. తప్పు నాది."

అన్నియ్యా, మేం అనుకున్నది అదే కదా. పైసా నేకుండా కొత్త రేకు. దేముడమ్మ నా సెయ్యి గిల్లినాది, ఇంక పద అన్నట్టు. నాను లేసినాను కూడా. అప్పుడు గౌసియా సాయ తెచ్చి, నన్ను పక్కకి పిలిసి అన్నాది. పద్దెనిమిదో యేట మెకానిక్ పానా పట్టినాడట ఆయన. ఇప్పటిదాకా ఆయన బిగించినది తిరిగొచ్చింది నేదట. మొన్న రెండు నెలలు మేం జొరమని రాకపోతే, కారుకేదో అయిపోయింది, నా మీద కోపమొచ్చి రావట్లేదు అనీసి అన్నం సరిగ్గా తిననేదట. ఇంకో కారు బేరానికొచ్చినోడితో, ఇకనించి గ్యారంటీ రాయను, నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది అని ఆయన లోపల నుంచి అంటన్నాడు, నాకు ఇనపడతన్నాది.

నాకు ఏడుపొచ్చీసినాది. సిగ్గు కూడా ఒచ్చీసినాది. సేప కుళ్ళిపోతే అమ్మిన మనిసి తప్పని జనం అంటారు. అది ఎలాగుంటాదో నాకు తెలుసు. సేప మంచిదై, గంప ఎండలో పెట్టినోడెవడో తప్పు సేసినా సరే, మాట పడేది నానే. ఇప్పుడు ఆ గంప ఎండలో పెట్టింది నానే కదా.

సాయ గ్లాసు కింద పెట్టీసి సెప్పీసినాను. బాబూ, మేం గుడి మనుసులం కాదు, సేపల మనుసులం. రోజూ నాలుగు గంపలు ఈ కారులోనే ఎల్తన్నాయి. నీ రేకు తిన్నాది సేప నీరు. నీ సేతిలో తప్పు నేదు. కాగితం నీ ఇష్టం, సింపీ.

దేముడమ్మ నెత్తి మీద సెయ్యి పెట్టుకున్నాది. లతీఫ్ సాయిబు నన్ను అలాగే సూసినాడు. రోజూనా? అన్నాడు. రోజూ బాబూ అన్నాను. నాలుగు గంపలా? అన్నాడు. అయిదు, ఒక్కోపాలి, అన్నాను. అప్పుడు నవ్వడం మొదలెట్టినాడు సూడూ, స్టూలు మీద కూకున్నోడు కూకున్నట్టే జారిపోనాడు. "గౌసియా, విన్నావా? రోజూ అయిదు గంపల ఉప్పునీళ్ళు! అయినా తొమ్మిది నెలలు ఆగింది నా రేకు!" అని కళ్ళంట నీళ్ళు కారేదాకా నవ్వినాడు. గౌసియా కూడా నవ్వినాది. తరవాత మెల్లిగా నన్నడిగినాది, ఇంక పులిహోర రాదా అక్కా అని.

కాగితం సింపనేదు. సరుకు వేయరాదు అన్న గీత కొట్టీసి, పక్కన చేపలు వేయవచ్చును అని రాసి సంతకం పెట్టినాడు.

నువ్వు సెప్పినట్టు సెయ్యనేదు. సెప్పు, తిట్టు.

పోతమ్మ

*

పోర్ట్ బ్లెయిరు
1 డిసెంబరు 1985

పోతమ్మకి,

తిట్టడానికి కూర్చున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. రాలేదు.

మొన్న ఒక ముసిలోడు ఇంజను తెచ్చినాడు. ఉప్పునీరు తగిలిందా అని అడగాల. అడగలేదు. షేటు చూస్తండగానే విప్పి, గ్యారంటీలోనే బాగు చేసిచ్చినాను. షేటు నా మీద ఇంతెత్తున లేచినాడు. సముద్రంలో తిరిగేదానికి ఉప్పు తగలకుండా ఎలాగుంటాది, అమ్మేటప్పుడే చెప్పాల్సింది కదా అన్నాను. ఉద్యోగం ఉంది. జీతం మీద ఏమంటాడో చూడాలి. నాకు మాత్రం పన్నెండేళ్ళలో ఇంత కడుపునిండా భోంచేసిన రోజు లేదు.

లతీఫ్ గారికి నా నమస్కారం చెప్పు. కొత్త రేకు వేసినా అది కూడా పోతాది. ఉప్పుకి రేకు ఆగదు. దానికేం చేస్తన్నారు?

నీ అన్న
ఎల్లారావు

*

జాలరిపేట
23 మార్చి 1986

అన్నియ్యకి,

నీ ఉత్తరం లతీఫ్ సాయిబుకి సదివి ఇనిపించినాను. ముసిలోడి ఇంజను కాడికొచ్చేసరికి, మీ అన్న వస్తే నా షెడ్డుకి తీసుకురా అన్నాడు.

రేకు సంగతి అడిగినావు కదా. దానికి మీ బావ దారి సూపించినాడు. సముద్రంలో మన పడవ ఎలాగ ఆగతన్నాది, గుగ్గిలం నూనెలో కాచి పూస్తేనే కదా అన్నాడు. లతీఫ్ సాయిబు మొదట ఒప్పుకోనేదు, కారుకి పడవ పని ఏటని. ఆకరికి కొత్త రేకు ఆయన ఏసినాడు, దాని మీద పడవ పలకలు కోసి పరిసి, సందుల్లో గుగ్గిలం పోసి మీ బావా నానూ బిగించినాం. నీరు బయటికి పోడానికి కన్నం ఒదిలినాం. నాలుగు నెలలయినాది. రోజూ బకెట్టుతో కడుగుతన్నాం. కింద రేకు ఏసినదేసినట్టే ఉన్నాది.

అది సూసి లతీఫ్ సాయిబు, ఇకనించి నా దగ్గర బాగైన కార్లన్నిటికీ అడుగు మీరే వెయ్యండి అన్నాడు. మన ఊరు ఉప్పుగాలికి అందరి కార్లూ అడుగు నించే పోతన్నాయట. సేపలు అమ్మొచ్చినాక మద్దేనం మీ బావ ఆ పని సేస్తన్నాడు. ఇప్పుడు కూరలో ఉప్పు మాట ఎత్తడు.

అసలు సంగతి ఇది. పోయిన నెల గురునాథరావు మేస్టారు కారు కోసం ఒచ్చినాడు. సముద్రం ఒడ్డునే ఇల్లు. ఉజ్జోగమంతా దాసుకున్న డబ్బు. ద్వారకా నగర్ కారూ సూసినాడట, మాలాగే ఎటూ తేల్సుకోనేక ఉన్నాడు. ఇంజనుకి మూడేళ్ళు సరే, అడుగుకి ఎన్నేళ్ళు అని అడిగినాడు. లతీఫ్ సాయిబు, అడుగు నాది కాదు సార్, వాళ్ళది, వాళ్ళనే అడగండి అనీసి మా వైపు సూపించినాడు.

మేస్టారు నన్ను సూసినాడు. మీ బావ మూడనబోతన్నాడు. నాను అయిదేళ్ళు అనీసినాను. మీ బావ నా కాలు తొక్కినాడు. లతీఫ్ సాయిబు కలం నా సేతికిచ్చినాడు. కాగితం మీద ఆయన సంతకం కింద నాను రాసినాను: అడుగు పలకకి అయిదేళ్ళు. పాడైతే మాదే బాధ్యత. పోతమ్మ. బాధ్యత ఒత్తు దగ్గర ఆగి, బడిలో నేర్సుకున్నది గుర్తు సేసుకుని రాసినాను, సరిగ్గానే ఒచ్చినాది. మేస్టారు రెండు మాట్లు సదివి, మడిసి జేబులో పెట్టుకుని, తాళాలు ఇవ్వండి అన్నాడు. అంతే, కొనీసినాడు. నా అచ్చరాలు సూసి ఒకాయన కారు కొన్నాడన్నియ్యా.

ఆ రోజంతా గాల్లో తేలినాను. మర్నాడు మబ్బేసినాది. అప్పటి నించి నాకు కుదురు నేదు. వానొస్తే ముందు మా కారు గుర్తుకు రాదు, మేస్టారి కారు గుర్తుకొస్తాది. సందుల్లో గుగ్గిలం సరిగ్గా దిగినాదో నేదో, మూల కాడ ఇంకో పూత ఏయాల్సిందేమో అనీసి. నిన్న సాయంత్రం ఆ కారు మన ఈదిలో ఆగి ఉన్నాది. నాను గంప దించీసి, కొత్త సీర అని కూడా సూసుకోకుండా, మోకాళ్ళ మీద ఒంగి కిందకి తల పెట్టి సెయ్యేసి తడిమినాను. మేస్టారు ఒచ్చి, ఏమ్మా, ఏదైనా పడిపోయిందా అని అడిగినాడు. నేదు బాబూ, మీరెల్లండి అన్నాను.

పొడిగా ఉన్నాది అన్నియ్యా. సుక్క తడి నేదు.

నీ సెల్లి
పోతమ్మ